మేం ఐపీ పెట్టిన ఏడాది

ఈ మధ్య బడి వదిలాక గేటు దగ్గర నన్ను ఆపే ఆడవాళ్లు ఎక్కువయ్యారు. పిల్లల చదువు గురించి కాదు. ముందు ఎండల గురించి, కూరగాయల ధరల గురించి మాట్లాడి, అటూ ఇటూ చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడుగుతారు. "టీచరమ్మా, ఐపీ ఎట్ల పెడ్తరు?" దొంగసారా ఎక్కడ దొరుకుతుందని అడిగినట్టుంటుంది ఆ గొంతు. గోదావరిఖనిలో మా ఇంటికి ఆ పేరు పడిపోయింది మరి. ఐపీ పెట్టినోళ్ల ఇల్లు ఏదంటే మా క్వార్టర్ల వరుసలో ఎవరైనా వేలు పెట్టి చూపిస్తారు.

నేను వకీలును కాను. ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పుకునేదాన్ని. కానీ దివాలా దరఖాస్తు అంటే ఏమిటో, అది దేన్ని కాపాడుతుందో దేన్ని కాపాడదో కోర్టు మెట్లెక్కి దిగి తెలుసుకున్నాను. అందుకే వాళ్లను ముందు ఒకటే అడుగుతాను. మీ ఆయన ఇంట్లో ఎట్లా ఉంటున్నాడు? అప్పెంత, మిత్తి ఎంత అన్నది తర్వాతి సంగతి. వాళ్లు నన్ను వింతగా చూస్తారు. ఆ మాట నన్నెవరూ వేళకు అడగలేదు, ఆ కోపం నాకింకా ఉంది.

మా కథ టిప్పర్‌తో మొదలైంది. మా ఆయన బొగ్గు కంపెనీలో, భూమి లోపలి గనిలో పనిచేస్తాడు. ఇక్కడ గనిని బాయి అంటాం. బాయిలో పైకప్పు కూలకుండా సపోర్టులు పెట్టే పని ఆయనది. పెళ్లయినప్పటి నుంచీ బాయి, ఇల్లు, ఆదివారం చర్చి, అంతే ఆయన లోకం. మాకు పిల్లల్లేరు. అలాంటి మనిషికి నడివయసులో వ్యాపారం చేయాలని బుద్ధి పుట్టింది. కమాన్‌పూర్ వైపు ఓపెన్‌కాస్టు గనిలో మట్టి తోలే కాంట్రాక్టరుకు టిప్పర్ కిరాయికి పెడితే, రిటైరయ్యేలోపు సొంతిల్లు లేస్తుందని ఎవరో చెవిలో ఊదారు. ఫైనాన్సు మీద బండి తెచ్చాడు. జమానతు సంతకం ఆయన జోడీ పెట్టాడు. జోడీ అంటే బాయిలో పక్కన నిలబడి పనిచేసే మనిషి, ఒకరి తల మీది కప్పును ఇంకొకరు చూసుకునే మనిషి. ఆయన్ని నేను భాయ్ అంటాను. బండి వచ్చిన రోజు పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. భాయ్ దర్గా నుంచి తాయత్తు తెచ్చి అద్దానికి కట్టాడు. డ్రైవరు నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడదీశాడు. ఇన్ని పూచీలున్న బండి ఖని మొత్తంలో ఇంకోటి ఉండదని నేను పకపకా నవ్వాను.

కాంట్రాక్టరు మొదట్లో కిరాయి ఇచ్చాడు, తర్వాత రేపన్నాడు, ఆ తర్వాత ఫోనెత్తలేదు. కిస్తీలు ఆగేసరికి ఫైనాన్సు వాళ్లు బండిని గుంజుకుపోయి, ఎంతకో అమ్మేసి, మిగతా బాకీ మీరే కట్టాలన్నారు. అప్పటికే చేబదుళ్లు, బ్యాంకు లోను, నా గాజులు అన్నీ ఆ కిస్తీల కిందే పోయాయి. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, అప్పుడు ఆయన కార్డు కాక దగ్గరికి పోయాడు.

బయటి ఊళ్లవాళ్లకు ఈ కార్డు సంగతి చెప్పాలి. మా దగ్గర మిత్తికిచ్చేవాళ్లలో కొందరు నోటు రాయించుకోవడంతో ఆగరు. జీతం పడే ఖాతా తాలూకు ఏటీఎం కార్డు తీసుకుంటారు, పిన్ను నంబరుతో సహా. జీతాల రోజు వాళ్లే డబ్బు తీసి, మిత్తి పట్టుకుని, మిగిలింది మన చేతిలో పెడతారు. ఈ కాక కూడా ఒకప్పుడు బాయిలో దిగినవాడే. ఇస్త్రీ బట్టలు, మెత్తటి మాట. ఏటీఎం ముందు నిలబడి సంచిలోంచి ఒక్కొక్క కార్డే తీస్తుంటే, వెనక వరుసలో ఉన్నవాళ్లు కిక్కురుమనరు, ఎందుకంటే అందులో వాళ్ల కార్డులూ ఉంటాయి. తన జీతాన్ని తాను చెయ్యి చాచి తీసుకోవడం మా ఆయనకు సిగ్గనిపించలేదు. అందరూ చేసేదే కదా అన్నాడు.

కాక మమ్మల్ని ఒక్కనాడూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నాకు నోరుంది, తిరిగి రెండు తిట్టేదాన్ని. ఆయన వచ్చి అరుగు మీద కూర్చుని మా ఆయన ఆరోగ్యం అడిగేవాడు. "బీపీ గోలీ ఏసుకుంటున్నవా? పానం జాగ్రత్త బిడ్డా." మిగిలే జీతం మిత్తికి కూడా చాలని నెలలో సైతం అంతే మర్యాదగా వచ్చాడు, చాయ్ తాగాడు. నేను మా అవస్థ చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు.

"ఫికర్ జెయ్యకుండ్రి. కంపెనీల ఉన్నోనికి బాకీ ఒక లెక్కనా? ఏనుగు బతికినా వెయ్యే, సచ్చినా వెయ్యే."

ఆ సామెతకు అర్థం నేనే ఏటా పిల్లలతో రాయిస్తాను. గొప్పవాడి విలువ ఎప్పటికీ తగ్గదు అని. కాక నోట వింటే మాత్రం ఒళ్లు జలదరించింది. ఎందుకో నాకు వెంటనే తట్టలేదు. మా ఆయనకు తట్టింది. ఆయన నేల చూస్తూ తలూపాడు.

డ్యూటీలో ప్రమాదం జరిగి మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బు వస్తుంది, ఒకరికి ఉద్యోగం వస్తుంది. బొగ్గు ఊళ్లలో పుట్టిన ప్రతి ఒక్కరికీ ఇది తెలుసు. పైకి ఎవరూ అనరు. కానీ ఎక్కడైనా అలాంటి చావు జరిగితే, శవం దవాఖాన నుంచి రాకముందే అరుగుల మీద లెక్కలు మొదలవుతాయి. నేనూ విన్నాను, నేనూ ఊ కొట్టాను. ఆ లెక్క మా గడపలోకి వస్తుందని మాత్రం అనుకోలేదు.

ఆ తర్వాత మా ఆయన మంచివాడైపోయాడు. నాకు మొదట సంతోషంగానే ఉంది. కూరలో ఉప్పు లేకపోయినా తినేవాడు. ఎన్నాళ్లుగానో కారుతున్న నల్లా బాగుచేశాడు. కొట్లాటకు పిలిచినా వచ్చేవాడు కాదు. ఒకరోజు అన్నం తింటూ, "నువ్వు కంపెనీల నౌకరి చేస్తవా?" అన్నాడు. "నన్ను గూడ బాయిల దింపుతవా ఏంది? ఇద్దరం కలిసి పోదాం, టిఫిను ఒక్కటే కట్టుకోవచ్చు," అని నేను వేళాకోళం చేశాను. ఆయన నవ్వలేదు. ఆ వారమే కంపెనీ రికార్డులో నా ఫొటో పాతదైపోయిందని స్టూడియోకు తీసుకెళ్లాడు. నేను మంచి చీర కట్టుకుని, పౌడరు రాసుకుని పోయాను. ఫొటో బాగా వచ్చిందని ఆయన అన్నప్పుడు మురిసిపోయాను కూడా. ఇప్పుడు ఆ ఫొటో కనిపిస్తే తిప్పి పెడతాను.

భాయ్ వచ్చి చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. మొదటి షిఫ్టు దిగి, ఇంటికి కూడా పోకుండా, కంటి రెప్పలకు బొగ్గు మసితోనే వచ్చాడు. మా ఆయన బజారుకు పోయి ఉన్నాడు. భాయ్ లోపలికి రాలేదు, కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"భాభీ, ఒక మాట చెప్పాలె. గుస్సా గావొద్దు. అన్న గోఫ్ అంచుకు పోయి నిలవడ్తున్నడు."

గోఫ్ అంటే బొగ్గంతా తీసేసి ఖాళీగా వదిలిన చోటు. అక్కడ సపోర్టులు పీకేసి కప్పును కూలనిస్తారు. కూలబోయే ముందు పైన పటపట శబ్దం వస్తుంది, సీటీ కొట్టగానే అందరూ పరుగున వెనక్కి రావాలి.

"సీటీ గొట్టినంక గూడ వస్తలేడు భాభీ. నిన్న రెక్క పట్టి గుంజుకొచ్చిన. ఇయ్యాల మల్లా గట్లనే. ఏంది అన్నా అంటే, సప్పుడు ఇనవడలేదంటడు. నాకు ఇనవడంగ ఆయనకెందుకు ఇనవడది?"

నల్లా, ఫొటో, నౌకరి మాట, అన్నీ ఒక్కసారి నా మీద పడ్డాయి. భాయ్‌కి మంచినీళ్లు ఇవ్వాలని కూడా తోచలేదు. షిఫ్టు పని చూసే ఓవర్‌మెన్‌తో మాట్లాడి మా ఆయన్ని కొన్నాళ్లు పైన పనికి మార్పించమని మాత్రం అడిగాను. ఆ సంగతి భాయ్ అప్పటికే అడిగి వచ్చాడట.

మా ఆయన ఇంటికి రాగానే తలుపు వేసి అడిగాను. కాదనలేదు. అదే నన్ను చంపింది. కూరగాయల సంచి కింద పెట్టి, బడిలో లెక్క అప్పజెప్పే పిల్లాడిలా చెప్పాడు. "నేను పోతే కాక బాకీ తీరుతది, ఫైనాన్సుది తీరుతది, భాయ్ మీద పడది. నీకు నౌకరి వస్తది. నువ్వు మంచిగ బతుకుతవ్." నేను చెంప మీద కొట్టాను. మా ఇరవై ఏళ్ల కాపురంలో అదే మొదటిసారి, దానికి నేనెన్నడూ పశ్చాత్తాపపడలేదు. ఆ తర్వాత ఇద్దరం నేల మీద కూర్చుని ఏడ్చాం. మర్నాడు దవాఖానలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను, ఉన్నదున్నట్టు చెప్పాను. సిగ్గుపడి దాచే రోగం కాదది. గేటు దగ్గర అడిగే ఆడవాళ్లకు నేను చెప్పే మొదటి పని ఇదే, కోర్టు దాని తర్వాతే.

వకీలు దగ్గరికి పోవాలన్న ఆలోచన మా బడి హెడ్‌మేడమ్‌ది. ఫీజు భరించలేనివాళ్లకు కోర్టు తరఫున ఉచితంగా వకీలును ఇస్తారని ఆవిడే చెప్పింది. నేను నమ్మలేదు, ఉచితంగా ఇచ్చేది ఏం మంచిగుంటుందిలే అనుకున్నాను. వచ్చిన వకీలు మేడమ్ చిన్నపిల్లలా ఉంది కానీ గట్టి మనిషి. కాళ్లు చాపుకుని కూర్చుని, మా కళ్లలోకి చూసి మాట్లాడింది. ఐపీ అంటే అప్పు మాఫీ కాదని ముందే చెప్పింది. నేను కట్టలేను, నాకున్నది ఇంత, ఇవ్వాల్సింది ఇంత అని కోర్టు ముందు విప్పి చెప్పుకోవడమట. అప్పులవాళ్లందరికీ నోటీసు పోతుంది, వాళ్లు వచ్చి కాదనవచ్చు, కోర్టు నమ్మకపోతే కొట్టేస్తుంది. నమ్మితే ఉన్న ఆస్తి అందరికీ పంచుతారు, ఒక్కొక్కరు ఇంటి మీదికి రావడం ఆగుతుంది. పీఎఫ్, గ్రాట్యుటీ అప్పులవాళ్లు ముట్టుకోవడానికి లేదు. జీతంలో కూడా బతకడానికి కావలసింది వదలాలి.

మా తమ్ముడు అప్పటికే ఒక సలహా ఇచ్చి ఉన్నాడు, రామగుండం అవతల మాకున్న చిన్న జాగాను ముందే తన పేరు మీదికి మార్చేయమని. మేడమ్‌తో ఆ మాట అనగానే పెన్ను కింద పెట్టేసింది. "ఆ పని చేసి నా దగ్గరికి రాకండి. మొన్న మొన్న మార్చిన ఆస్తిని కోర్టు వెనక్కి లాగుతుంది, మిమ్మల్ని మోసగాళ్ల కింద జమకడుతుంది." ఒకరికి చాటుగా కట్టేసి మిగతావాళ్లకు చేతులెత్తేయడం కూడా అలాంటిదేనట. మా తమ్ముడు ఇప్పటికీ నా మీద అలిగే ఉన్నాడు. అలగనీ.

తర్వాత అప్పులన్నీ ఒక్కొక్కటే చెప్పమంది. మా ఆయన ఫైనాన్సు చెప్పాడు, బ్యాంకు చెప్పాడు, చేబదుళ్లు చెప్పాడు. అయిపోయిందన్నాడు. నేను ఆయన మొహం చూశాను.

"కాకది?" అన్నాను.

"అది అప్పు గాదు. కార్డు పెట్టిన కద."

మేడమ్‌కు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఈయనకు అది నిజంగానే అప్పనిపించలేదు. కార్డు ఇచ్చేశాం కాబట్టి లెక్క సరిపోయిందని ఆయన నమ్మకం. మా వరుసలో ఎవర్నడిగినా అదే మాట చెప్తారు. "బ్యాంకుకు పోయి ఆ కార్డు ఆపించి కొత్తది తీసుకోండి," అంది మేడమ్. "అది కాక దగ్గరున్నది మేడం," అన్నాడు మా ఆయన, ఇంకేం చేస్తామన్నట్టు. జీతం ఆయనది, ఖాతా ఆయనది, కార్డు మీద పేరు ఆయనది. అయినా ఆపిస్తే మాట తప్పినట్టవుతుందని ఆయన బాధ. చావడానికి సిద్ధపడ్డ మనిషి కార్డు ఆపడానికి భయపడ్డాడు. అంత కోపంలోనూ నాకు నవ్వొచ్చింది.

కాక పేరు రాయకపోతే అప్పు దాచారని దరఖాస్తు కొట్టేసే ప్రమాదముందట. అందుకని రాశాం. అంతకన్నా పెద్ద చిక్కు భాయ్‌ది. ఐపీ మా ఆయన్ని కాస్తుంది కానీ జమానతు పెట్టినవాణ్ని కాయదు. ఫైనాన్సు వాళ్లు తిన్నగా భాయ్ మీదికి పోతారు. అది విని మా ఆయన లేచి వెళ్లబోయాడు. "నేను దివాలా తీసి భాయ్‌ని ముంచాల్నా? నాతోటి గాదు." మేడమ్ ఆపలేదు. నోటీసు కన్నా ముందు మీరే పోయి ఆయనకు చెప్పండి అంది.

పోయాం. ఆ ఇంట్లో మేం చాయ్ తాగకుండా వచ్చిన రోజు అదొక్కటే. భాయ్ భార్య మొత్తం విని లోపలికి పోయి పొయ్యి దగ్గర గిన్నెలు సర్దుతూ ఉండిపోయింది. భాయ్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కోప్పడితే పడదామనుకున్నాం.

"పెట్టు అన్నా," అన్నాడు చివరికి. "నా జీతం కోస్తే కోస్తరు. బతికుంటే ఇద్దరం కూడి కడ్తం. రోజు నిన్ను గుంజుకొచ్చుడు నాతోని గాదు, నాకు గూడ భయమైతది."

ఇప్పుడు ఆయన జీతంలో కోత పడుతోంది. మాకు చేతనైనంత ప్రతి నెలా ఇస్తామన్నాం. అది కూడా వకీలుకు చెప్పే చేయాలట, చాటుగా కాదు. భాయ్ భార్య నాతో మాట్లాడదు. ఎదురైతే తల తిప్పుకుంటుంది. ఆమెను ఒక్క మాట అనను, ఆమె చోట నేనుంటే నోరు ఊరికే ఉండేది కాదు. ఐపీ ఎట్ల పెడ్తరని అడిగే ప్రతి ఆడమనిషికీ ఆ ముఖం గురించి చెప్తాను. సంతకం పెట్టినవాడి ఇంటికి ముందు నడవండి, కాళ్లు రాకపోయినా నడవండి.

కార్డు ఆపించిన తర్వాతి జీతాల రోజు కాక వచ్చాడు. నేనొక్కదాన్నే ఉన్నాను. ఎప్పటిలాగే అరుగు మీద కూర్చుని, పనికిరాని కార్డును నా ముందు పెట్టాడు.

"మీ ఆయన పైన పని చేస్తున్నడట గద? మంచిది. గాలి మంచిగుంటది." లేవబోతూ అన్నాడు. "ఎన్ని దినాలు పైన ఉంటడు బిడ్డా? మల్లా దిగుడే గద."

అంతే అన్నాడు. చెప్పులు వేసుకుని మెల్లగా పోయాడు. నేను అరుగు మీద నీళ్లు కుమ్మరించి చీపురుతో కడిగాను. పెద్దగా అరిచి బెదిరించేవాడి మీద పోలీసు స్టేషన్‌లో చెప్పుకోవచ్చు. ఆరోగ్యం అడిగేవాడి మీద ఏమని చెప్పాలి?

కోర్టులో మా కేసు పిలిచిన రోజు కాక తన వకీలుతో వచ్చాడు, నాకు నమస్తే కూడా పెట్టాడు. మా ఆయన పెళ్లి నాటి తెల్ల చొక్కా వేసుకున్నాడు, మెడ దగ్గర వదులై వేలాడింది. కాక వకీలు లేచి మొదలుపెట్టాడు. ఈయన దివాలా మనిషి ఎట్లా అవుతాడు? ఇంకా సర్వీసుంది, కంపెనీ ఉద్యోగం, బీమా ఉంది, రేపు ఏదైనా జరిగితే కుటుంబానికి డబ్బు, భార్యకు ఉద్యోగం. అరుగుల మీద వినే లెక్కే, ఈసారి నల్లకోటు వేసుకుని వచ్చింది. మా ఆయన తల దించుకున్నాడు. నాకు లేచి ఆ మనిషి నోరు మూయాలనిపించింది, మేడమ్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

జడ్జిగారు రాసుకుంటున్నవారల్లా ఆగారు. "ఏదైనా జరిగితే వచ్చేది ఆస్తి కాదండీ. ఇప్పుడు ఉన్నది చెప్పండి," అన్నారు. ఆ వకీలు ఇంకేదో అన్నాడు, అది నా చెవికెక్కలేదు.

తర్వాత మా ఆయన్ని ముందుకు పిలిచారు. అప్పులన్నీ రాశారా, దాచినవేమైనా ఉన్నాయా అని అడిగారు. లేవన్నాడు. ఎండాకాలం సెలవుల తర్వాతకు వాయిదా వేస్తూ, "ఆ రోజు మిమ్మల్ని విచారిస్తాం. మీరు స్వయంగా రావాలి. వస్తారా?" అన్నారు.

మామూలు ప్రశ్న. అక్కడ అందరినీ అడిగేదే. కానీ మా ఆయన ఎన్నో నెలలుగా రేపు అన్న మాటకు జవాబివ్వడం మానేశాడు. క్రిస్మస్‌కు చొక్కా కుట్టించుకోమంటే చూద్దాం అన్నాడు. మందమర్రిలో అక్క కూతురి పెళ్లికి పోదామంటే నువ్వు పో అన్నాడు. ఇప్పుడు కూడా నోరు విప్పలేదు. ఎదురుగా ఉన్న బల్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. మేడమ్ నా వైపు చూసింది. ఫ్యాన్ తిరుగుతోంది, వెనక ఎవరో దగ్గారు.

"ఏమండీ, వస్తారా రారా?"

"వస్త," అన్నాడు.

"కొంచెం గట్టిగా చెప్పండి."

"వస్త సార్. నేనే వస్త."

వాయిదాలను తిట్టనివాళ్లు ఆ కోర్టు వరండాలో ఒక్కరూ ఉండరు. మా ఆయన మాత్రం సెలవుల తర్వాత దాకా బతికి ఉంటానని జడ్జి ముందు ఒప్పుకున్నాడు. నేను కోర్టు హాల్లోనే బల్ల మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను. బంట్రోతు వచ్చి, "అమ్మా, ఇది కోర్టు, బయటికి పోండ్రి," అన్నాడు.